చేరిన తేదీ

అబిగయీలుకు కుదురు లేదని అందరూ అనేవాళ్లు. ఆదివారం చర్చిలో ప్రసంగం పావుగంట దాటితే చాప అంచున పీచు పీకుతూ కూర్చునేది. ఇంట్లో తోమిన గిన్నెలే మళ్లీ తోమేది. పెళ్లయిన కొత్తలో మొగుడు లాజరస్, "నీ కాళ్లల్లో చక్రాలుండాయా మే" అని నవ్వేవాడు. అలాంటి మనిషి పన్నెండున్నరేళ్లు ఒకే హాల్లో, ఒకే బల్ల ముందు నిలబడి పని చేసిందంటే తెలిసినవాళ్లకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ముత్యాలయ్య గారి రొయ్యల కంపెనీ ఉంది. గుంటల్లో పట్టిన రొయ్యలు ఐసులో కప్పుకుని లారీల్లో అక్కడికి వస్తాయి. హాల్లో పొడుగాటి స్టీలు బల్లలకు అటూ ఇటూ ఆడవాళ్లు నిలబడి తలకాయ తీసి, పొట్టు వలిచి, వీపు మీద నల్లటి నరం లాగి ట్రేల్లో వేస్తారు. అక్కడి నుంచి అవి గడ్డకట్టి, అట్టపెట్టెల్లోకి ఎక్కి, ఓడల మీద దేశాలు దాటిపోతాయి. హాల్లో ఎప్పుడూ చలే. మోకాళ్ల దాకా బూట్లు, తలకు టోపీ, మూతికి గుడ్డ. అన్నీ వేసుకున్నాక ఎవరు ఎవరో కళ్లను బట్టి పోల్చుకోవాల్సిందే.

అబిగయీలు అక్కడ చేరింది 2013 జూన్‌లో. ఆ నెల ఆమెకు బాగా గుర్తు. కూతురు నవోమిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టి, ఆ పిల్ల ఏడుపు చెవుల్లో ఉండగానే వ్యాను ఎక్కింది. అంతకు ముందు రెండు పంటలు వరుసగా తెల్లమచ్చ తెగులు వచ్చి, లాజరస్ కౌలుకు తీసుకున్న గుంటలో రొయ్యలన్నీ గట్టుకు కొట్టుకొచ్చాయి. అప్పటి నుంచి లాజరస్ వేరేవాళ్ల గుంటల్లో మేత చల్లే పనికి, ఈమె వలిచే పనికి కుదిరారు. మొదటి నెల వేళ్లు పగిలి, అన్నం కలుపుకుంటే ఉప్పుకు మండేవి. ఆర్నెల్లకు ఆ బల్ల మీద ఆమెంత వేగంగా వలిచే మనిషి లేకపోయింది. కుదురులేనితనం అంతా బొటనవేలి గోటిలోకి దిగిందేమో అనిపించేది. కొత్తగా వచ్చినవాళ్లను సూపర్‌వైజర్లు ఆమె పక్కనే నిలబెట్టేవాళ్లు.

ఆమెతో పాటు అరవై ముగ్గురు ఆడవాళ్లను ఆ కంపెనీకి తీసుకుపోయేది సుభాని. అల్లూరు మనిషి, లేబర్ కాంట్రాక్టరు. రెండు వ్యాన్లు పెట్టి పాళెం పాళెం తిరిగి ఎక్కించుకునేవాడు. వారం వారం కూలి ఇచ్చేదీ అతనే. వాళ్లు నిలబడేది ముత్యాలయ్య గారి హాల్లో అయినా, ఎవరైనా అడిగితే "సుభాని మనుషులు" అనేవాళ్లు. అది కూడా నోటి మాటే, కాగితం అంటూ ఏమీ లేదు.

నవంబరు చివర్లో కొత్త కార్మిక చట్టాల మాట టీవీల్లో మోగింది. పాత చట్టాలు ఇరవై తొమ్మిది పోయి నాలుగు వచ్చాయని నవోమి ఫోన్లో చదివి చెప్పింది. ఆ పిల్ల ఇప్పుడు కావలిలో డిగ్రీ చదువుతోంది. పనిచేసే ప్రతి మనిషికీ నియామక పత్రం ఇవ్వాలి, నలభై దాటినవాళ్లకు ఏడాదికోసారి కంపెనీయే డాక్టరు పరీక్ష చేయించాలి. వ్యానులో ఇదే చర్చ. యజమానులు అడిగే దిక్కు లేకుండా పీకేస్తారని ఒకామె, రాత్రి డ్యూటీలు వేస్తారని ఇంకొకామె, సంఘాల వాళ్లు వద్దని రోడ్డెక్కారని మరొకామె. అబిగయీలు చెవిలో మాత్రం ఒక్క మాటే పడింది. కాగితం. తన పేరుతో కాగితం.

డిసెంబరు రెండో వారంలో హెచ్‌ఆర్ సుశీల్ కుమార్ ఆమెను ఆఫీసుకు పిలిచాడు. అతను కావలి కుర్రవాడు, మెత్తగా మాట్లాడతాడు.

"అబిగయీలమ్మా, మీరు పది చదువుకున్నారు గదా. చర్చిలో వాక్యం కూడా చదువుతారంట. ఈ లెటరు మీవాళ్లందరికీ చదివి వినిపించండి. నేను చెప్తే భయపడతారు, మీరు చెప్తే వింటారు."

క్యాంటీన్లో బెంచీ మీద నిలబడి చదివింది. నమూనా లెటరు అది. పేరు దగ్గర చుక్కలు, తేదీ దగ్గర చుక్కలు. "మీరు మా సంస్థలో ప్రాసెసింగ్ వర్కరుగా నియమితులైనారు" అనే వాక్యం రెండుసార్లు చదివింది. ఇక సుభాని మనుషులు కాదు, కంపెనీ మనుషులు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు ఎవరి పేరు మీద వాళ్లకు లెటర్లు వచ్చాయి. బల్ల మీద నుంచి పిలిచి, చేతులు తుడుచుకునేలోపే సంతకాలు పెట్టించారు. మొదటి సంతకం అబిగయీలుదే.

వెంకటశేషమ్మ ఒక్కతే వెనకాడింది. యాభై రెండేళ్ల మనిషి, అబిగయీలు పక్కనే నిలబడి వలుస్తుంది. సంతకం రాదు, వేలిముద్రే.

"నాకెందుకో బెదురుగా ఉంది మే. ఇన్నాళ్లూ లేని కాగితం ఇప్పుడెందుకు?"

"నేను పెట్టినా గదా శేషమ్మక్కా. పెట్టు."

శేషమ్మ బొటనవేలు సిరా దిమ్మెకు అద్ది ఒత్తింది.

ఆ సాయంత్రం లెటరును ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంటికి తెచ్చింది అబిగయీలు. నవోమి శనివారానికి ఇంటికొచ్చి ఉంది. కూతురి ముందు చాపింది. నవోమి చదువుతూ చదువుతూ ఆగి, తలెత్తింది.

"అమ్మా, నువ్వు చేరింది ఈ నెల్లోనా?"

"ఏంది?"

"చేరిన తేదీ, ఒకటి పన్నెండు రెండువేల ఇరవై అయిదు. ఇట్టనే ఉంది ఇందులో."

అబిగయీలు కాగితం లాక్కుని చూసింది. అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. కింద తన సంతకం, పొందిగ్గా, అన్ని అక్షరాలూ విడివిడిగా.

నవోమి ఫోన్లో వెతికి నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ, ఎన్నేళ్లు చేశామో దాన్ని బట్టి లెక్క. మనుషుల్ని తగ్గించాల్సి వస్తే మామూలుగా ఆఖర్న చేరినవాళ్లే ముందు బయటికి. ఈ కాగితం ప్రకారం అరవై నలుగురూ ఆఖర్న చేరినవాళ్లే.

"పన్నెండేళ్లు యాడికి పోయినట్టు?" అంది అబిగయీలు. ఆ తర్వాత ఆమెకు ఒక చోట కూర్చోవడం కాలేదు. చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చింది. పొద్దున్నే ఊడ్చిన వాకిలి. చీపురు పక్కన పడేసి శేషమ్మ ఇంటికి పోయి విషయం చెప్పింది. శేషమ్మ చేపల కూర కలుపుతూ, "కాగితమే గదా. కూలి ఇస్తారా లేదా?" అంది. ఆ మాట ఇంకా బాధ పెట్టింది. తిట్టినా బాగుండేది. బెంచీ ఎక్కి చదివి, అందరి చేతా పెట్టించింది తనే గదా.

సోమవారం సుశీల్ కుమార్ ముందు నిలబడింది.

"సార్, తేదీ తప్పు పడింది."

అతను కంప్యూటరు మీద నుంచి కళ్లు తీయలేదు. "తప్పు కాదమ్మా. ఇన్నాళ్లూ మీరు కాంట్రాక్టరు మనుషులు. కంపెనీ తరఫున తీసుకుంది ఈ నెలే. చెన్నై నుంచి వచ్చిన కన్సల్టెంటు ఇట్టనే రాయమన్నాడు."

"మరి పన్నెండేళ్లు నేను వలిచింది ఎవురి రొయ్యలు సార్?"

సుశీల్ కుమార్ అప్పుడు ఆమె వైపు చూశాడు. "నా చేతిలో లేదమ్మా" అన్నాడు. అబద్ధం చెప్పిన మనిషి మొహంలా లేదది, అలసిపోయిన మనిషి మొహంలా ఉంది. అందువల్ల ఆమెకు కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

సుభాని మీద పెట్టుకుందామని అల్లూరు పోయింది. అతను ఇంటి ముందు కుర్చీలో ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆ వేళకు అతను ఇంట్లో ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు. భార్య షాజాదీ బేగం టీ తెచ్చి ఇచ్చింది.

"నేను పన్నెండేళ్లు చేసినానని రాసియ్యి సుభానన్నా. హాజరు పుస్తకాలు ఉంటాయి గదా నీ కాడ."

"ఏ ఏడుది ఆ ఏడే పాత పేపర్లకు యేసేసినా అమ్మా. ఎవురడగతారులే అనుకున్నా." సుభాని గడ్డం గోక్కున్నాడు. "అయినా నా మాటకు విలువేముంది ఇప్పుడు? వలిచేదాంట్లాంటి అసలు పనికి కాంట్రాక్టు మనుషుల్ని పెట్టకూడదంట కొత్త చట్టంలో. ముత్యాలయ్య గారు పిలిచి, వ్యాన్లకు బాడుగ ఇస్తా, అంతే అన్నారు. ఇరవై ఏళ్లుగా నా కింద ఎంతమంది! నిన్నటి నుంచి నేను డ్రైవర్ని."

పోట్లాడదామని పోయిన మనిషి, టీ గ్లాసు కడిగి పెట్టి తిరిగొచ్చింది. చట్టం ఒకటే. తనకు కాగితం ఇచ్చింది, సుభాని చేతిలో ఉన్నది లాక్కుంది.

సెలవు పెట్టి నెల్లూరులో లేబర్ ఆఫీసుకు కూడా పోయింది. అక్కడి ఆఫీసరమ్మ ఓపిగ్గానే విన్నది. "చట్టం వచ్చింది గానీ రూల్సు ఇంకా రావాల్సినవి ఉన్నాయమ్మా. అంతమాత్రాన మీ మాట తీసిపారేసేది కాదు. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నా, అదే చోట అదే పని చేశారని చూపిస్తే అడగడానికి దారి ఉంటుంది. కాగితం ఒక్కటన్నా తెచ్చుకోండి" అని పంపింది.

కాగితం. తిరిగొచ్చే బస్సులో అదే ఆలోచన. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ కార్డు లేదు. గేటు పాసు ఏడాదికోసారి మార్చేవాళ్లు, పాతది ఇస్తేనే కొత్తది. తన దగ్గర మిగిలినవి రెండు చేతులు. వాటి మీద తేదీ ఏముంటుంది?

క్రిస్మస్ వచ్చింది, పోయింది. ఆ ఏడు ఆమె స్త్రీల సమాజం వాళ్లతో ఇంటింటికీ పాటలు పాడటానికి పోలేదు. అడిగితే ఒంట్లో బాగాలేదంది. లెటర్లకు సంతకం పెట్టినవాళ్లలో తొమ్మిది మంది ఆ సమాజంలోనే ఉన్నారు.

జనవరిలో కంపెనీలో హడావుడి మొదలైంది. రొయ్యలు కొనే విదేశీ కంపెనీ తరఫున ఆడిట్‌కు మనుషులు వస్తున్నారు. గోడలకు సున్నం, కాళ్లకు కొత్త బూట్లు. క్వాలిటీ సెక్షను మేడమ్ ఆనందకుమారి అందరినీ వాష్ బేసిన్ల దగ్గర నిలబెట్టి, చేతులు మోచేతుల దాకా ఎలా కడగాలో మళ్లీ చూపించింది. ప్రతి ఏడూ జరిగే తంతే. చివర్న షీటు తిప్పింది. పేరు, తేదీ, సంతకం.

అబిగయీలు పేరు రాసింది, తేదీ వేసింది. పెన్ను అక్కడే ఆగింది.

"మేడమ్, ఈ షీట్లు ఏం చేస్తారు?"

"ఫైల్లో పెడతాం."

"పోయినేటివి?"

"పోయినేటివేంది, కంపెనీ పెట్టిన కాడ్నించీ ఉండాయి. మీకు ట్రైనింగ్ ఇచ్చినట్టు, మీకు జబ్బుల్లేనట్టు డాక్టరు సర్టిఫికెట్లు, అన్నీ బీరువాలో. అవి లేకపోతే ఒక్క పెట్టె కూడా కొనరు వాళ్లు."

అబిగయీలు తన పేరు పక్కన నిదానంగా సంతకం పెట్టింది. రొయ్య శుభ్రంగా ఉందని చూపించడానికి, దాన్ని ముట్టుకున్న ప్రతి చేతి పేరూ కంపెనీ పన్నెండేళ్లుగా దాచిపెట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే సుశీల్ కుమార్ క్యాంటీన్లో మాట్లాడాడు. ఆడిటర్లు ఎవరినైనా పక్కకు పిలిచి అడగవచ్చు. ఎప్పుడు చేరారంటే లెటరులో ఉన్న తేదీ చెప్పాలి. అతను వెళ్లగానే ప్రొడక్షన్ మేనేజరు వచ్చి, పని అనుభవం అడిగితే పదేళ్లు, పన్నెండేళ్లు అని ధైర్యంగా చెప్పండి, కొత్తవాళ్లని తెలిస్తే ఆర్డరు తగ్గిస్తారు అన్నాడు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. అబిగయీలుకు నవ్వు రాలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లెక్కి ముత్యాలయ్య గారి గదికి పోయింది.

ముత్యాలయ్య గారు ఒకప్పుడు గట్ల మీద పంచె ఎగ్గట్టుకుని తిరిగిన రైతే. లాజరస్ గుంటలో రొయ్యలు చచ్చినప్పుడు చూడటానికి వచ్చినవాళ్లలో ఆయనా ఒకడు. ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏం లాజరస్ భార్యా, ఇట్టొచ్చినావు?"

"అయ్యా, ఒక మాట అడిగి పోతా. రేపు ఆ ఆడిట్ వాళ్లు అడిగితే నేను ఏ తేదీ చెప్పాల?"

"సుశీల్ చెప్పలా?"

"చెప్పినాడు. మేనేజరు ఇంకోటి చెప్పినాడు. పోయిన నెలే చేరినానంటే మీ బీరువాలో ఉండే ఫైళ్లు అబద్ధం. పన్నెండేళ్లంటే మీరిచ్చిన లెటరు అబద్ధం. రెండిట్లోనూ ఉండేది నా సంతకమే అయ్యా. దేన్ని కాదనమంటారు?"

ముత్యాలయ్య గారి మొహం ఎర్రబడింది. "బెదిరిస్తా ఉండావా?"

"బెదిరియ్యడానికి కాదు. కంపెనీకి చెడ్డపేరొస్తే మా అందరి పొయ్యిలూ ఆరిపోతాయి, నాకు తెలవదా? అందుకే వాళ్ల కాడికి పోకుండా మీ కాడికొచ్చినా."

ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కింద లారీ లోంచి ఐసు దించుతున్నారు. అటు తిరిగే మాట్లాడాడు. "అమెరికా వాడు పన్ను పెంచినాడు. సగం ఆర్డర్లు పోయినాయి. పోయిన ఏడు మూడు హాళ్లు నడిచినాయి, ఇప్పుడు రెండు. అరవై మందికి పన్నెండేళ్లు, పదేళ్లు అని రాసిస్తే, అదంతా నా నెత్తిన పడద్ది. రేపు బ్యాంకు వాడు అడిగితే నేనేం చెప్పాల? చట్టం రాసినోళ్లు వచ్చి కడతారా? మీకేం, మీరు అడగతారు."

అందులో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. మూతపడిన మూడో హాలు ముందు నుంచే ఆమె రోజూ నడుస్తుంది. అయినా అడిగింది.

"ఇప్పుడే ఇయ్యమని అడగలేదయ్యా. జరిగింది జరిగినట్టు రాయమంటా ఉండా. ఆ మూడో హాలు మీరు కట్టినప్పుడు నేనుండా. అంతే."

"పో. పోయి పని చూసుకో" అన్నాడాయన.

మర్నాడు సూపర్‌వైజరు ఆమెను బల్ల దగ్గర నుంచి తీసి, పొట్టు తొట్ల దగ్గర వేశాడు. పై నుంచి చెప్పారా, మనుషులు తక్కువై వేశాడా తెలియదు. అడిగితే, "చెప్పిన చోట చెయ్యి" అన్నాడు. వాసన, బరువు, జారే నేల. మొదటి రోజు వంచిన నడుం ఎత్తలేదు. రెండో రోజు ఎవరైనా మెట్లు దిగిన చప్పుడైతే తొట్టి వదిలేసి అటు చూసింది.

ఇంట్లో లాజరస్ మొదటిసారి గట్టిగా అరిచాడు. "నా గుంట ఓనరు సరుకమ్మేది ఆయనకే. నన్ను కూడా తీసేయిస్తావా? ఉన్నదాంతో ఉండటం రాదు నీకు!"

"నువ్వు గట్టు మీద నిలబడి చచ్చిన రొయ్యల్ని లెక్కబెట్టినావు. అప్పుడు నేను అరిచినానా?" అందామె. ఆ మాట అని ఉండకూడదని అన్న వెంటనే తెలిసింది. లాజరస్ అన్నం ముందు నుంచి లేచి గుంట దగ్గరికి పోయాడు. ఆమె ఎంగిలి కంచం వాకిట్లోకి తీసుకుపోయి కడిగి, మళ్లీ కడిగింది.

ఆడిట్‌కు రెండు రోజుల ముందు సుశీల్ కుమార్ నుంచి కబురు వచ్చింది. మీటింగు గదిలో బల్ల నిండా ఫైళ్లు పరిచి ఉన్నాయి. ఆనందకుమారి ముక్కుకు గుడ్డ కట్టుకుని దుమ్ము దులుపుతోంది.

"ఫైల్లో ఎవరి పేరు మొదట ఎప్పుడు కనిపిస్తే, ఆ తేదీ వేసి కొత్త లెటర్లు ఇవ్వమన్నారు ముత్యాలయ్య సార్" అన్నాడు సుశీల్ కుమార్. ఈసారి కళ్లు తప్పించలేదు. "మీరు కూర్చోండి. ఇంటిపేర్లు మాకంటే మీకే బాగా తెలుసు."

రోజంతా ముగ్గురూ కూర్చుని వెతికారు. అబిగయీలు పేరు 2013 జూలై తొమ్మిదో తేదీ షీటులో దొరికింది. సంతకం వంకర్లు తిరిగి ఉంది. అప్పటి పగిలిన వేళ్ల సంతకం.

"నేను జూన్‌లో చేరినా సార్."

"ఉన్నది జూలైనమ్మా."

సరేనంది. సాయంత్రానికి అరవై నలుగురిలో నలభై ఎనిమిది మందికి పాత తేదీలు దొరికాయి. మిగతా పదహారు మందిలో కొందరు నిజంగానే కొత్తవాళ్లు. కొందరు ఏ ట్రైనింగ్ నాడూ పనికి రానివాళ్లు. వెంకటశేషమ్మకు పాత తేదీ దొరికింది గానీ, ఆమె పేరు 2020 నుంచే ఉంది. అబిగయీలుకు మాత్రం తెలుసు, శేషమ్మ తనకంటే ముందు నుంచే ఆ బల్ల దగ్గర ఉందని.

వ్యాను దిగగానే శేషమ్మను అడిగింది. శేషమ్మ గొంతు తగ్గించి చెప్పింది. మొదట పాసు చేయించుకున్నది ఆమె ఆడబిడ్డ చెంగమ్మ. రెండు వారాలకే మొగుడితో సూళ్లూరుపేట పోయింది. కొత్త పాసుకు టైము పడుతుందని సుభాని అంటే, శేషమ్మ ఆ పాసు మీదే వచ్చింది. ఆధారు అడిగేదాకా, ఏడేళ్లకు పైగా, చెంగమ్మ పేరు మీదే వేలిముద్ర వేసింది.

"నువ్వు కదిలించకుండా ఉంటే అందరికీ ఒకటే తేదీ ఉండేది" అంది శేషమ్మ. "ఇప్పుడు నా తర్వాత ఏడేళ్లకు వచ్చినదానికీ నాకూ ఒకటే లెక్క. నీ మాట ఇని నేను యేలు పెట్టినా చూడు, అదీ నా బుద్ధి తక్కువ."

అబిగయీలును మళ్లీ బల్ల దగ్గరికి పిలిచారు గానీ, పక్కపక్కనే నిలబడినా శేషమ్మ ఆమెతో మాట్లాడలేదు. కొత్త లెటర్లు వచ్చాయి. పాత తేదీలు దొరికినవాళ్లు వ్యానులో మిఠాయి పంచారు. ఆమె చేతిలో లడ్డూ మెత్తబడి కారేదాకా పట్టుకునే ఉంది.

ఆడిట్‌కు వచ్చినామె చెన్నై మనిషి, తమిళం కలిసిన తెలుగు. అబిగయీలును గదిలోకి పిలిచి, "ఎన్నాళ్లుగా చేస్తున్నారమ్మా?" అని అడిగింది.

"పన్నెండున్నరేళ్లు."

ఆమె రాసుకుని, గ్లౌజులు రోజుకు ఎన్నిసార్లు మారుస్తారని అడిగింది. అంతే. ఇన్ని వారాల గుండెదడ ఒక్క గీతలో ముగిసింది. అబిగయీలు గబగబా మెట్లు దిగింది. సంతోషమని అనుకుంది. కింద శేషమ్మ వంచిన తల ఎత్తకుండా వలుస్తూ కనిపించేసరికి అది కూడా నిలవలేదు.

ఫిబ్రవరిలో నోటీసు బోర్డు మీద ఇంకో కాగితం వచ్చింది. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ, కంపెనీ తరఫున నలుగురు, పనివాళ్ల తరఫున నలుగురు. అబిగయీలు పేరు తోటి ఆడవాళ్లే రాసేశారు. మొదటి మీటింగులో ఫ్యాన్లు, మరుగుదొడ్ల తలుపులు, వ్యాను టైములు మాట్లాడారు. అందరూ లేవబోతుంటే ఆమె చెయ్యెత్తింది.

"చెంగమ్మ పేరు మీద ఉండే వేలిముద్రలు వెంకటశేషమ్మవి సార్. పక్కపక్కన పెట్టి చూపించండి ఎవురికైనా."

"ఎవరికి చూపించాలమ్మా? పైగా ఒకరి పాసు మీద ఇంకొకరు రావడమే తప్పు. అది బయటికొస్తే ఆమెనే తీసేయమంటారు" అన్నాడు సుశీల్ కుమార్.

"పంపించింది ఎవురు? ఏడేళ్లు గేటు కాడ చూసి లోపలికి వదిలింది ఎవురు? ఆమె ఒక్కదాని తప్పే అయితే నేను అడగను."

సుశీల్ కుమార్ పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "ఇది మా స్థాయిలో తేలదు. కమిటీ తీర్మానం చేసి లేబర్ ఆఫీసుకు పంపితే అభ్యంతరం లేదని సార్‌ని అడుగుతాను" అన్నాడు. మూడు వారాలు పట్టింది. ముత్యాలయ్య గారు ఒప్పుకున్నారు. పాత తేదీ దొరకని మిగతా వాళ్ల విషయం దీన్ని చూపించి అడగకూడదని ఒక షరతు పెట్టి ఒప్పుకున్నారు. ఆ షరతు మీద అబిగయీలు సంతకం పెట్టలేదు. తతిమ్మా ముగ్గురూ పెట్టారు.

నెల్లూరు పోవాల్సిన రోజు పొద్దున శేషమ్మ ఇంటి ముందుకు పోయి పిలిచింది. వస్తుందనుకోలేదు. శేషమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఆధారు కార్డు కొంగున ముడేసుకుని బయటికి వచ్చింది. దారంతా మాట్లాడలేదు. కోవూరు దాటాక మాత్రం, "చెంగమ్మకు ఫోను చేసినా. అవసరమైతే వచ్చి చెప్తానంది" అంది.

ఆఫీసరమ్మ షీట్ల జిరాక్సులు ఒకటొకటిగా చూసింది. తెల్లకాగితం మీద శేషమ్మ చేత పది వేళ్లూ ముద్ర వేయించుకుంది. వేలిముద్రల నిపుణుడికి పంపాలి, టైము పడుతుంది, ఏం చెప్తారో ముందే చెప్పలేనంది. వచ్చే నెల పన్నెండున రమ్మంది.

వరండాలో శేషమ్మ సిరా అంటిన వేళ్లు గోడకు తుడుచుకోబోయి ఆగి, కొంగుకే తుడుచుకుంది.

"అయ్యిద్దంటావా?"

"తెలవదక్కా."

"కాకపోతే?"

జిరాక్సులు సరిపోతాయా, అసలు షీట్లే కావాలా అని అడగడం మర్చిపోయినట్టు అబిగయీలుకు అప్పుడు తోచింది. శేషమ్మను బెంచీ మీద కూర్చోమని చెప్పి, మళ్లీ లోపలికి పోయింది.